పాత ట్రాక్టరు ఇంజను: బోరు చేయించుటయా, మార్చుటయా?

ట్రాక్టరు కొని పది పన్నెండేండ్లయినది. తెల్లవారి స్టార్టు చేయవలెనన్న బ్యాటరీ అలసిపోవుచున్నది. దమ్ములోనికి దిగగానే పొగ ఎక్కువగుచున్నది. వారమునకొక లీటరు ఆయిలు పోయవలసివచ్చుచున్నది. మెకానిక్కు వచ్చి పొగ చూచి, "ఇంజను బోరుకు వచ్చిందండీ" అనును. ట్రాక్టర్ల షాపువారు, "దీనిని మాకిచ్చి క్రొత్తది తీసుకోండి బాబుగారూ" అందురు. ప్రక్క ఊరి బంధువు, "పట్నంలో పాత ఇంజను దొరుకుతుంది, అది బిగించుకో" అని సలహా చెప్పును. ముగ్గురి మాటలలోను కొంత నిజము కలదు. కాని ముగ్గురిలో ఎవ్వరును మీ ఇంజను విప్పి, కొలిచి చెప్పినవారు కారు.

ఈ నిర్ణయములో పొరపాటు జరిగినచో నష్టము రెండు విధములుగా రావచ్చును. బాగుపడదగిన ఇంజనును వదలి క్రొత్త ట్రాక్టరు కొన్నవారు అవసరము లేని అప్పును అయిదారేండ్లు మోయవలసియుండును. పని అయిపోయిన ట్రాక్టరు మీద డబ్బు పోసినవారి బండి సరిగా నాట్ల వారములో ఆగిపోవును. నారు ముదురును, పదును పోవును, బాడుగ ట్రాక్టరుకై తిరుగవలసివచ్చును. కావున నిర్ణయము తీసికొనుటకు ముందు మీరు మూడు సంగతులు తెలిసికొనవలెను: ఇంజనులో అరిగినదేది, ఎంత అరిగినది, మిగిలిన ట్రాక్టరు ఎట్లున్నది.

పొగను నమ్మి ఇంజను విప్పరాదు

పొగ రోగము యొక్క గుర్తు మాత్రమే. దాని రంగును బట్టి కారణము కొంత ఊహింపవచ్చును.

నల్లని పొగ వచ్చుచున్నచో డీజిలు పూర్తిగా కాలుటలేదని అర్థము. ఎయిర్ క్లీనరు మూసికొనిపోవుట, నాజిల్సు చెడుట, ఇంజను శక్తికి మించిన పని చేయించుట దీనికి సాధారణ కారణములు. వీనిలో ఏ ఒక్కటియు బోరు చేయించుటవలన నయము కాదు. ఎయిర్ క్లీనరు శుభ్రము చేసి, నాజిల్సును పరీక్ష యంత్రముపై చూపించినచో కొద్ది ఖర్చుతోనే పొగ తగ్గవచ్చును.

నీలపు పొగ వచ్చినచో ఇంజను ఆయిలు కాలుచున్నదని తెలిసికొనవలెను. రింగులు, లైనర్లు అరిగినను, వాల్వు గైడ్లు అరిగినను ఆయిలు సిలిండరులోనికి చేరును.

తెల్లని పొగ చలి వేళలో స్టార్టు చేసినపుడు కొద్దిసేపు వచ్చి ఆగినచో భయపడనక్కరలేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో, హెడ్డు గాస్కెట్టు పోవుటయో, హెడ్డు పగులుటయో జరిగియుండును.

ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఆయిలు పోయు మూతను జాగ్రత్తగా తీసి చూడుడు. అచ్చటనుండి పొగ దెబ్బలు దెబ్బలుగా ఎగదన్నుచున్నచో, పిస్టను పైనుండవలసిన గాలి రింగులను దాటి క్రిందికి దిగుచున్నది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చు ప్లగ్గు ఉండదు. గాలిని పదునారు, పదునెనిమిది వంతులలో ఒక వంతుకు అదిమినపుడు పుట్టు వేడికే డీజిలు అంటుకొనును. గాలి జారిపోయినచో ఆ వేడి చాలదు. కావుననే అరిగిన ఇంజను ఉదయమున మొరాయించి, వేడెక్కిన తరువాత బాగుగనే నడుచును.

ఆయిలు కర్రను కూడ చూడుడు. ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినది. ఆయిలు మట్టము తగ్గుటకు మారుగా పెరుగుచు, డీజిలు వాసన కొట్టుచున్నచో ఫీడు పంపు పొర చిరిగి డీజిలు ఆయిలులో కలియుచుండవచ్చును. అట్టి పలుచని ఆయిలుతో ప్రెషరు గేజి ముల్లు క్రిందికి దిగును; చూచినవారు బేరింగులు పోయినవనుకొందురు. ముందు పంపు బాగు చేయించి, ఆయిలు మార్చి, మరల గేజి చూడుడు. మంచి ఆయిలుతో కూడ ఇంజను వేడి మీద ప్రెషరు పడిపోవుచు, బరువు పనిలో లోపలినుండి బరువైన కొట్టుడు శబ్దము వినిపించుచున్నచో, అప్పుడు బేరింగులను అనుమానింపవలెను. ఆ శబ్దము వచ్చిన తరువాత ఒక్క ఎకరము కూడ దున్నరాదు. ఆ రోజు ఆపినచో బేరింగులతో పోవును. ఆపనిచో క్రాంకు పోవును.

కొలతయే అసలు సాక్షి

కారు వయస్సును కిలోమీటర్లలో లెక్కింతురు. ట్రాక్టరు వయస్సును గంటలలో లెక్కింపవలెను. నిలుచున్నచోటనే పట్టీ వేసి నూర్పిడి యంత్రము త్రిప్పినను ఇంజను అరుగును. అయినను అవర్ మీటరు అంకెను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదు. ఎయిర్ క్లీనరును శుభ్రముగా ఉంచి, వేళకు ఆయిలు మార్చిన ఇంజను ఎక్కువ కాలము నిలుచును. దుమ్ము మింగిన ఇంజను అందులో సగము గంటలకే పొగ పట్టును. మెత్తని ఇసుకపొడి ఆయిలుతో కలిసినచో సానరాతి ముద్దవలె లైనర్లను అరగదీయును.

హెడ్డు విప్పిన తరువాత మీరు మెకానిక్కును అడుగవలసిన మొదటి ప్రశ్న, "కొలత ఎంత వచ్చినది?" అని. సిలిండరు పైభాగమున ఎక్కువగను, క్రిందిభాగమున తక్కువగను అరుగును. ఏలయన పైన వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. కావున బోరును పైన, నడుమ, క్రింద కొలువవలెను. ప్రతి చోటను క్రాంకు వెంబడి ఒకసారి, దానికి అడ్డముగా ఒకసారి కొలువవలెను. పై కొలతకు, క్రింది కొలతకు గల తేడా వాలును చూపును. నిలువు కొలతకు, అడ్డు కొలతకు గల తేడా కోడిగ్రుడ్డు ఆకారమును చూపును. క్రాంకును కూడ ఇట్లే మైక్రోమీటరుతో చూడవలెను. ఏ మోడలుకు ఎంత అరుగుదల వరకు పనికివచ్చునో కంపెనీ పుస్తకములో వ్రాసియుండును. వ్రేలితో తడిమి, "బాగా అరిగింది" అని చెప్పు మాటను కొలతగా తీసికొనరాదు.

ఈ కొలతలను ఒక కాగితముపై వ్రాయించి తీసికొనుడు. మరియొక పనివానిని సలహా అడుగుటకును, అయిదేండ్ల తరువాత చూచుకొనుటకును అది పనికివచ్చును.

ఎంత అరిగిన, అంత పని

కొలతలు చేతికి వచ్చిన తరువాత చేయవలసిన పని నాలుగు మెట్లుగా ఉండును.

మొదటి మెట్టు హెడ్డు పని. బోరు హద్దులోనే ఉండి వాల్వులు మాత్రమే కారుచున్నచో, వాల్వులు, సీట్లు గ్రైండు చేయించి, గైడ్లు మార్చి, క్రొత్త గాస్కెట్టు వేసిన చాలును.

రెండవ మెట్టును మెకానిక్కులు "హాఫ్ ఇంజను" అందురు. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి, హెడ్డు పని చేయుదురు. క్రాంకు బాగున్నందున దానిని కదలింపరు. కొన్ని మోడళ్లలో లైనరు చుట్టును నీరు తిరుగుచుండును. అట్టి లైనరును లాగి క్రొత్తది వేయుట సులభము. అప్పుడు దాని రబ్బరు రింగులను కూడ తప్పక మార్చవలెను. మరికొన్ని మోడళ్లలో బ్లాకును రీబోరు చేసి లావు పిస్టన్లు వేయుదురు. ఇవి సాధారణముగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు ఎక్కువ సైజులలో దొరకును.

మూడవ మెట్టు "ఫుల్ ఇంజను". పై పనులన్నియు చేసి, క్రాంకును లేతు వర్కుషాపులో గ్రైండు చేయించి, ఆ సైజుకు తగిన బేరింగులు వేయుదురు. ఆయిలు పంపును కూడ చూడవలెను. క్రాంకును ఎన్నిసార్లయినను గ్రైండు చేయుటకు వీలులేదు. ఇదివరకే చివరి సైజుకు వచ్చియున్నచో క్రొత్త క్రాంకు కొనవలసినదే.

నాలుగవ మెట్టు ఇంజనునే మార్చుట. బ్లాకు పగిలినపుడును, క్రాంకు విరిగి బ్లాకును పాడుచేసినపుడును, భాగముల ధరలు కలిపి చూడగా పూర్తి ఇంజను ధరకు దగ్గరగా వచ్చినపుడును దీనిని ఆలోచింపవలెను.

ఇక్కడ ఒక మోసపు పొదుపును గురించి హెచ్చరింపవలసియున్నది. అరిగిన బోరులో రింగులు మాత్రమే మార్చినచో కొద్ది రోజులు పొగ తగ్గినట్లుండును. కాని అరిగిన సిలిండరు పై అంచున చిన్న గట్టు ఏర్పడియుండును. క్రొత్త పై రింగు ఆ గట్టుకు తగిలి విరుగవచ్చును. విరిగిన ముక్క పిస్టనును, లైనరును గీరివేయును. బోరు హద్దులో ఉన్నదని కొలత చెప్పినపుడే రింగులతో సరిపెట్టుకొనవలెను.

సెకండుహాండు ఇంజను సంగతి

లారీకి ఇంజను చట్రముపై కూర్చుండును. చాల ట్రాక్టర్లకు అట్టి చట్రము లేదు. ఇంజను బ్లాకే వెన్నెముక. ముందు ఇరుసు ఒకప్రక్క, క్లచ్చి పెట్టె మరొకప్రక్క దానికే బిగించియుండును. కావున వేరొక మోడలు ఇంజనును తెచ్చి బిగించుట అనుకొన్నంత సులభము కాదు. అదే కంపెనీ, అదే మోడలు ఇంజనునే వెదుకవలెను.

దొరికిన ఇంజను ఎన్ని గంటలు పనిచేసినదో అమ్మువాడు చెప్పిన మాటయే గాని వేరొక ఆధారముండదు. మీ ఇంజనుకు ఏ కొలతలు తీయింతురో దానికిని అవే కొలతలు తీయించి, తరువాత బేరమాడుడు. కొలువనీయని ఇంజనును కొనవలదు.

బ్లాకు మారినచో ఇంజను నంబరు కూడ మారును. ఆర్.సి. పుస్తకములో పాత నంబరుండి, బండిపై వేరొక నంబరున్నచో అమ్మునపుడును, ఇన్సూరెన్సు క్లెయిము చేయునపుడును చిక్కులు వచ్చును. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఇంజను మార్పును రవాణా శాఖ కార్యాలయమునకు తెలిపి పుస్తకములో వ్రాయించుకొనవలెను. పాత ఇంజను కొనునపుడు నంబరు వ్రాసిన రసీదును, అమ్మినవాని చిరునామాను తీసికొనుడు. లేనిచో దొంగసొత్తు మీ పాకలో చేరవచ్చును. లైనర్లు, పిస్టన్లు మార్చినంత మాత్రమున నంబరు మారదు. గ్రామాధికారులు ఈ సంగతిని రైతులకు ముందుగా చెప్పినచో మేలు చేసినవారగుదురు.

ఆర్.సి. గడువును కూడ చూచుకొనవలెను. వ్యవసాయపు ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 సంవత్సరముల వరకు చెల్లును; పిమ్మట తనిఖీ చేయించి 5 సంవత్సరములకొకసారి పొడిగించుకొనవలెను. గడువు దగ్గరలో ఉన్నచో ఆ ఖర్చును, తనిఖీకి కావలసిన మరమ్మతులను కలుపుకొని లెక్క వేయుడు.

ఇంజనొక్కటే ట్రాక్టరు కాదు

ఎద్దుకు డెక్క బాగుచేయించునపుడు మెడను కూడ చూతురు గదా! ఇంజను మీద డబ్బు పెట్టుటకు ముందు గేరుపెట్టె, హైడ్రాలిక్కు, క్లచ్చి, బ్రేకులు, వెనుక టైర్లు, ముందు ఇరుసు ఇవన్నియు ఎట్లున్నవో ఒక జాబితా వ్రాయుడు. గేరు జారుచున్నదా? నాగలిని ఎత్తి ఉంచినపుడు దానంతట అది దిగిపోవుచున్నదా? దమ్ములో కేజీ వీల్స్ వేసి ఏండ్ల తరబడి తిప్పిన బండికి వెనుక ఇరుసు సీళ్లు, బేరింగులు చెడి బురదనీరు లోపలికి దిగియున్నదేమో చూచినారా? క్రొత్త బలము వచ్చిన ఇంజను అరిగిన గేర్లను ఇంకను త్వరగా బయటపెట్టును.

భాగములు దొరకునో లేదో కూడ విచారింపవలెను. మన ప్రాంతములలో కనిపించు హెచ్.ఎం.టి. ట్రాక్టర్లనే తీసికొనుడు. హర్యానాలోని పింజోరు ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. అట్టి మోడలు గలవారు విప్పకముందే లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, గాస్కెట్లు ఎక్కడ దొరకునో కనుగొని, దొరకిన తరువాతనే పనికి దిగవలెను. విప్పిన ఇంజను భాగమునకై నెలరోజులు గోతాముల క్రింద పడియుండుట ఎవ్వరికిని మంచిది కాదు.

లెక్క వేయు విధము

లెక్కను గంటకు ఇంత అని వేసినచో నిజము తేలును. ఈ క్రింది అంకెలు పద్ధతి తెలియుటకు వేసికొన్నవి మాత్రమే. మీ అంకెలను మీరు వేసికొనవలెను.

ఒక రైతు ట్రాక్టరు ఏటికి 500 గంటల చొప్పున ఆరేండ్లలో 3,000 గంటలు పని చేయునని అనుకొందము. నేడు ఉన్నదున్నట్లు అమ్మినచో 1,50,000 రూపాయలు వచ్చును. ఫుల్ ఇంజను పనికి 90,000 అగును. ఆరేండ్ల తరువాత అది 90,000కు పోవును. అప్పుడు తరిగిన విలువ 60,000, మరమ్మతు 90,000, కలిపి 1,50,000. గంటకు 50 రూపాయలు. ఇతర చిల్లర రిపేర్లకు గంటకు 40 వేసినచో, మొత్తము 90 రూపాయలు.

క్రొత్త ట్రాక్టరు ధర 7,50,000 అనుకొందము. ఆరేండ్ల తరువాత 3,50,000 వచ్చినచో తరుగు 4,00,000, గంటకు 133. పాత ట్రాక్టరు ధర పోను మిగిలిన 6,00,000 అప్పుకు ఆరేండ్లలో 1,80,000 వడ్డీ అయినచో గంటకు 60. చిల్లర రిపేర్లు గంటకు 15. మొత్తము 208 రూపాయలు.

ఇంతవరకు చూచిన, బోరు చేయించుటయే లాభము. కాని అదే పాత ట్రాక్టరుకు గేరుపెట్టె, హైడ్రాలిక్కు, టైర్లకు మరి 1,50,000 కావలసినచో గంటకు 50 పెరిగి 140 అగును. పైగా ఏటా పది రోజులు పనివేళలో ఆగిపోయి, రోజుకు 4,000 చొప్పున రాబడి పోయినచో గంటకు మరి 80 చేరి 220 అగును. అప్పుడు క్రొత్తదే చవుక. చూచితిరా! ఇంజను ఖర్చు రెండు లెక్కలలోను ఒక్కటే. తీర్పును మార్చినవి మిగిలిన ట్రాక్టరు స్థితియు, ఆగిపోవు రోజులును.

డీజిలు తేడాను కూడ ఊహించి వేయవలదు, కొలువుడు. ట్యాంకు నిండుగా పోసి, ఒక ఎకరము దున్ని, మరల నిండువరకు ఎంత పట్టునో చూడుడు. బోరు చేయించిన తరువాత అదే పొలములో, అదే నాగలితో, అదే పదునులో మరల కొలిచినచో లాభము మీకే తెలియును.

ఏటికి కొద్ది గంటలే పని గల చిన్న రైతుకు మూడవ దారి కూడ కలదు. బండిని ఉన్నదున్నట్లు అమ్మి, దున్నకమును బాడుగకు చేయించుకొన్నచో ఎంత అగునో అదియు లెక్కించి చూడవలెను.

కాలము ఎంచుకొనుడు

మృగశిర ప్రవేశించిన తరువాత వర్కుషాపుల ముందు ట్రాక్టర్లు బారులు తీరును. ఆ తొందరలో క్రాంకు గ్రైండింగు సరిగా చూడరు, దొరకిన భాగమే వేయుదురు. రబీ పని ముగిసిన వెంటనే కొలతలు తీయించి, రోహిణి కార్తె నాటికి బండి తిరిగి ఇంటికి వచ్చునట్లు ఏర్పాటు చేసికొనవలెను. వేసవి దుక్కులు మీకు ముఖ్యమైనచో వానిని ముందే లెక్కలోనికి తీసికొనుడు.

పని అప్పగించునపుడు కూలి ఎంత, భాగములెంత, లేతు పని ఎంత అని విడివిడిగా వ్రాయించుకొనుడు. భాగములను రసీదుతో కొనుడు. తీసివేసిన పాత భాగములన్నియు తిరిగి మీకు ఇచ్చునట్లు ముందే చెప్పుడు. అరుగుటకు కారణమును కనుగొని సరిచేయుడు. ఎయిర్ క్లీనరు గొట్టము చిరిగియున్నచో క్రొత్త లైనర్లు కూడ అదే దారిని పోవును. రేడియేటరులో ఉప్పు పేరుకొనియున్నచో ఇంజను మరల వేడెక్కును.

బోరు తరువాత మొదటి యాబది గంటలు

క్రొత్త రింగులు లైనరుతో కుదురుకొనుటకు కొంత కాలము పట్టును. మొదటి 50 గంటలు మధ్యరకము బరువు పని ఇవ్వుడు. దమ్ములోనికి, లోతు దుక్కికి వెంటనే దింపరాదు. ఊరకనే గంటల తరబడి నెమ్మదిగా తిప్పుచు కూర్చుండుటయు తప్పే. పని లేని ఇంజనులో రింగులు కుదురుకొనక లైనరు నునుపెక్కి, ఆయిలు తాగుట మొదలుపెట్టును. 50 గంటలు కాగానే ఆయిలు, ఫిల్టరు మార్చుడు. మెకానిక్కును పిలిచి పుస్తకములో చెప్పిన ప్రకారము హెడ్డు నట్లు సరిచూపించి, ట్యాపెట్లు సెట్టు చేయించుడు. పిమ్మట ఎయిర్ క్లీనరులోని ఆయిలును, దుమ్ము ఎక్కువగా ఉన్న రోజులలో ప్రతిదినమును చూచుచుండుడు.

ట్రాక్టరు నడుపుట, సంరక్షణ నేర్చుకొనగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఊరిలో ఒక యువకునికి ఈ పని తెలిసియున్నచో పది ట్రాక్టర్లకు మేలు కలుగును.

నేటినుండియే ఒక నోటు పుస్తకము పెట్టుడు. గంటలు, పోసిన డీజిలు, చేర్చిన ఆయిలు, మార్చిన భాగములు, ఆగిపోయిన రోజులు తేదీలతో వ్రాయుడు. ఒక ఏడాది లెక్క చేతిలో ఉన్న రైతుకు, పొగను చూచి చెప్పిన మాటకు తొందరపడవలసిన అవసరముండదు. కొలత కాగితమును, నోటు పుస్తకమును ముందు పెట్టుకొని ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచించినచో, బోరా, మార్పా అన్నది మీరే తేల్చుకొనగలరు.